సెన్సర్ కోసం విశాఖ ఖాళీ చేయాలి

విశాఖపట్నాన్ని వెంటనే ఖాళీ చేయించాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. తుపాను ఏమీ రావడం లేదు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్ల సున్నితత్వం పెంచాలి, అంతే.

భూమి అయస్కాంత క్షేత్రం మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లాలు. గుండె కొట్టుకుంటే ఛాతీ దగ్గర పుట్టేది అందులో దాదాపు పది లక్షల్లో ఒక వంతు. మెదడుది అంతకన్నా వందల రెట్లు తక్కువ, ఫెమ్టోటెస్లాల లెక్క (మైక్రోటెస్లాను వందకోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటి ఫెమ్టోటెస్లా). దాన్ని పట్టే స్క్విడ్ అనే అతిశీతల సెన్సర్‌ను ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. 2003లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్లు పొటాషియం ఆవిరితో పనిచేసే సెన్సర్‌తో ఒక ఫెమ్టోటెస్లా కన్నా తక్కువను పట్టే సున్నితత్వానికి దిగారు. దానికి చలి అక్కర్లేదు, వేడి చేయాలి. వేడి విషయంలో మే నెల విశాఖకు ఒకరు చెప్పాలా?

చిక్కంతా ఎక్కడంటే, మెదడు గొణుగుడు వినే సెన్సర్‌కు పక్కింటి లిఫ్టు కూడా వినబడుతుంది. బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కిన కుర్సురా జలాంతర్గామితో పేచీ లేదు. కదలని ఇనుము మర్యాదైనది, లెక్కలోంచి తీసేయొచ్చు. కదిలేదే ప్రమాదం: గాజువాక వెళ్లే సిటీ బస్సు, పోర్టు క్రేన్లు, గూడ్సు బళ్లు. స్టీల్ ప్లాంట్ సంగతి సరేసరి.

బొంబాయి ట్రాములకు కరెంటు పెడదామనుకున్నప్పుడు, అది రీడింగులు చెడగొడుతుందని కొలాబాలోని అయస్కాంత అబ్జర్వేటరీ పని 1904లో అలీబాగ్‌కు తరలిపోయింది. ఎంత పిరికితనం! ఊరిని కదా తరలించాల్సింది.

అంత అక్కర్లేదు, బయటి అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూమెటల్ అనే మిశ్రలోహంతో గది కట్టండి, రెండు సెన్సర్లు పక్కపక్కన పెట్టి ఒకదాని రీడింగులోంచి ఇంకొకదానిది తీసేయండి అంటారు కొందరు. దూరపు గోల రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది, దగ్గరిది మిగులుతుంది. నిజమే, చాలాచోట్ల అలాగే చేస్తున్నారు. కానీ ఈ పద్ధతి అలవాటైతే రేపు సమీక్షా సమావేశాలకూ పెడతారు. అందరూ ఒకేలా చెప్పే ‘చర్యలు తీసుకుంటున్నాం’ కొట్టుకుపోయాక సమోసాల బిల్లు తప్ప ఏమీ మిగలదు. పైగా ‘ఫెమ్టో’ అని ఫ్లెక్సీ వేసుకోవచ్చు గానీ, నాలుగు గోడల మధ్య నిశ్శబ్దాన్ని ఫ్లెక్సీ మీద ఎలా చూపిస్తాం? అందుకే కొత్త సెన్సర్‌కు నిధులు దొరికినంత తేలిగ్గా గదికి దొరకవు.

కాబట్టి తరలింపే మార్గం. మొదటి విడతలో మద్దిలపాలెం, తర్వాత పోర్టు, నౌకాదళాన్ని కాస్త బతిమాలుకోవాలి. బంగారం ఇళ్లల్లోనే ఉంచి వెళ్లొచ్చు, దానికి అయస్కాంతం అంటదు. ఇనప బీరువాలు మాత్రం విధిగా మోసుకుపోవాలి. ప్రారంభోత్సవానికి మంత్రిగారి కాన్వాయ్ వస్తుంది గనక ఆ రోజు రీడింగులు పరిగణనలోకి తీసుకోరాదు.