సక్లత్‌వాలా జైలుకెళ్లింది ఎవరి కోసం?

"బ్రిటిష్ పార్లమెంటులో మొట్టమొదటి భారతీయుడు, టాటాల డబ్బుతో గెలిచిన గాంధీ శిష్యుడు, మన స్వాతంత్ర్యం కోసం సభలో గర్జించి జైలుకెళ్లిన వీరుడు, చివరిదాకా మతం వదలనివాడు." షాపుర్జీ సక్లత్‌వాలా గురించి ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. బాగా చదువుకున్నవాళ్లే పంపుతుంటే ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మొట్టమొదటివారు కాదు. దాదాభాయ్ నౌరోజీ 1892లోనే గెలిచారు, మంచెర్జీ భావ్‌నగ్రీ 1895లో. సక్లత్‌వాలా వచ్చింది 1922లో. దీనికి ఇంతకంటే అక్కర్లేదు.

టాటాల డబ్బా? జంషెడ్‌జీ టాటాకు మేనల్లుడే, ఆ కంపెనీలో ఉద్యోగమూ చేశారు, 1925లో మానేశారు. కానీ ఆయన గెలిచిన నార్త్ బ్యాటర్సీ లండన్‌లో కార్మికవాడ. మేనమామ పేరు చెప్పుకుంటే అక్కడ ఓట్లు రాలవు. 1923లో ఓడిపోయారు కూడా. మరుసటి ఏడాది కమ్యూనిస్టుగా నిలబడి మళ్లీ గెలిచారు.

నాకు ఒళ్లు మండేది జైలు ముక్క దగ్గర. సభలో మాట్లాడిన మాటకు ఎంపీని జైల్లో పెట్టడం అక్కడ కుదరదు. ఆయన మాట్లాడింది లండన్‌లోని హైడ్ పార్కులో, 1926 మే డే నాడు. జీతాలు తగ్గించి పనిగంటలు పెంచుతామంటే ఒప్పుకోని బ్రిటన్ బొగ్గుగని కార్మికులను యజమానులు అప్పుడే గనుల బయట నిలబెట్టారు. కార్మికుల మీద కాల్పులు జరపొద్దని ఆయన సైనికులకు చెప్పారు. మే 4న అరెస్టు. ఇకపై బుద్ధిగా ఉంటానని పూచీకత్తు ఇస్తే వదిలేస్తామంది కోర్టు. ఇవ్వనన్నారు. వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైల్లో రెండు నెలల శిక్ష పడింది. బొంబాయిలో పుట్టిన మనిషి పరాయి దేశపు గనికూలీల కోసం జైలుకెళ్లాడు! అంత పెద్ద సంగతిని చెరిపేసి, ఆయన చెప్పని ప్రసంగాన్ని ఆయన నోట్లో కుక్కడానికి చేతులెలా వచ్చాయి? మన స్వాతంత్ర్యం కోసం ఆయన సభలో మాట్లాడింది బోలెడుంది, అబద్ధం అతికించాల్సిన పనేముంది?

గాంధీ శిష్యుడట. 1927లో ఇండియా వచ్చినప్పుడు ఆయన గాంధీకి రాసిన బహిరంగ లేఖ ఈ మెసేజ్ రాసినాయన చూసి ఉండడు. ఖద్దరు ఉద్యమాన్ని తప్పుబట్టారు, 'మహాత్మా' అన్న బిరుదునూ జనం కాళ్లకు మొక్కడాన్నీ తప్పుబట్టారు, కార్మిక సంఘాలు కట్టమన్నారు. గాంధీ తన పత్రిక 'యంగ్ ఇండియా'లో జవాబిచ్చారు, ఆయన చిత్తశుద్ధిని గౌరవిస్తూనే దారి వేరన్నారు. ఇద్దరూ దాపరికం లేకుండా వాదించుకున్నారు. శిష్యుడనేస్తే ఆ వాదనంతా గంగలో కలిసినట్టే.

మతం మాట మాత్రం ఒప్పుకోవాలి, అందులో నిజముంది. అదే 1927లో లండన్ కాక్స్‌టన్ హాల్లో తన పిల్లలకు పార్సీ పద్ధతిలో నవ్‌జోత్, అంటే మతంలోకి తీసుకునే వేడుక, చేయించారు. సొంత పార్టీ అందరి ముందూ మందలించినా చేసిన పనిని వెనక్కి తీసుకోలేదు.

ఆ ఇండియా పర్యటన తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను మళ్లీ ఇండియాలో అడుగు పెట్టనివ్వలేదు. 1936లో లండన్‌లోనే పోయారు. మెసేజ్ పంపక తప్పదనుకుంటే, జైలు పేరా తీసేసి ఆ గనికార్మికుల సంగతి రాసి పంపండి.