గుల్ల ఏ గడిలోకి వస్తుంది?

డాలస్ శివారులో మేము అద్దెకుంటున్న అపార్ట్‌మెంటువారు ఈ ఏడాది లీజు పత్రంతో పాటు ఇంట్లోని జంతువుల వివరాలు అడిగే కాగితం ఒకటి పంపారు. అందులో రెండే గడులున్నాయి. ప్రాణి మచ్చికైన జాతిదైతే మొదటి గడిలో టిక్కు పెట్టి నెలనెలా అదనపు అద్దె చెల్లించాలి. వన్యజాతిదైతే రెండో గడిలో టిక్కు పెట్టి దానిని ఇల్లు దాటించాలి. కుక్కా పిల్లీ లేని మేము నిశ్చింతగా ఉండవలసినవాళ్లమే గాని, మా హాల్లోని ఉప్పునీటి తొట్టిలో జానెడు గుల్ల ఒకటి ఉన్నది.

అది రాకాసి గుల్లల కుటుంబానికి చెందిన ట్రైడాక్నా డెరాసా. పసిఫిక్ సముద్రంలోని పలావు దేశంలో, హేచరీలో పుట్టి పెరిగినది. ఈ మాట వినగానే, కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తగారు, "పలావులోకా బాబూ? మా వైపు గుల్లలను సున్నానికి కాలుస్తారు గాని, ఇంత అందమైనదాన్ని వండుకోవడమెందుకు?" అన్నారు. ఆ దేశంలో దీనిని నిజంగానే తింటారు కనుక ఆవిడను పూర్తిగా కాదనలేకపోయాను.

"హేచరీలో పుట్టింది కాబట్టి పెంపుడుదే" అని మా ఆవిడ తీర్పు చెప్పింది. తెలుగులో ఆ మాటకు ఎదురు లేదు. పెంచుకున్న పిల్లవాడు పెంపుడు కొడుకైనప్పుడు పెంచిన గుల్ల పెంపుడుది కాకుండా ఎలా పోతుంది? కాని కాగితం అడుగుతున్నది జాతి సంగతి. తరతరాల పెంపకంలో జాతే మారితేనే అది మచ్చికైన జాతి. పట్టుపురుగు సుమారు 5,000 ఏళ్లుగా మనిషి చేతిలో ఉండి, రెక్కలు వచ్చాక కూడా ఎగరలేని స్థితికి చేరింది. మావటి మాట వినే ఏనుగు మాలిమి అయిందే తప్ప దాని జాతి ఇప్పటికీ అడవిదే. మా గుల్లకు మాలిమి కూడా లేదు. దాని వంశంలో ఒక్కొక్క జీవే మొదట వీర్యాన్ని, తరవాత గుడ్లను నీటిలోకి వదులుతుంది గనుక తల్లెవరో తండ్రెవరో మనం తేల్చలేము. ఆ గుడ్లు పెట్టే ఈడు రావడానికే ఏళ్లు పడుతుంది గనుక, మనిషి ఎంచి పెంచి జాతిని మార్చేటన్ని తరాలు ఇంకా గడవనే లేదు. పోనీ మనం పెట్టింది తిని బతుకుతుందా అంటే, అదీ కాదు. తన కండలో దాచుకున్న సూక్ష్మమైన నాచు వెలుతురులో తయారుచేసిపెట్టే ఆహారమే దానికి ప్రధానం. నిజానికి మా ఇంట్లో పెంపకమంటూ తెలిసినది, ఆ నాచును పెంచుతున్న గుల్లకే.

ఈ మీమాంసతో నేను రెండు గడులలోనూ సన్నగా పెన్సిలు గీతలు పెట్టి ఉంచగా, శనివారం ఉదయం మేనేజరు స్వయంగా పరిశీలనకు వచ్చారు. గీతలు చూసి, ఇలా కుదరదని జేబులోని పెన్ను నా చేతికిచ్చి, కాగితాన్ని తొట్టి అంచున పరిచి, గుల్లను దగ్గరగా చూడడానికి పైనుంచి వంగారు. దీపానికి చేరువగా ఉండాలని నేను దానిని నీటి పైభాగాన, రాతి మీద కూర్చోబెట్టాను. నీడ పడగానే మూసుకోవడం దాని స్వభావం. ఆకుపచ్చ చారల అంచులు లోపలికి ముడుచుకున్నాయి, చిప్పలు టక్కున కలిశాయి, లోపలి ఉప్పునీరు పిచికారీలా లేచి ఆయన కళ్లద్దాలను తడిపి, అప్పుడే నేను మొదటి గడిలో పెట్టిన సిరా టిక్కును రెండో గడి దాకా పారించింది.

"ఇంత కోపిష్టిది మచ్చికైనదెలా అవుతుంది బాబూ?" అని అత్తగారు తువ్వాలు అందించారు. ఆయన అద్దాలు తుడుచుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తొట్టి ఎన్ని గ్యాలన్లని అడిగారు. నీటి తొట్టెలకు వేరే కాగితం ఉన్నదట.