సవరణ: గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించారు, కేసు మాత్రం ఆగలేదు

శత్రువులను ప్రేమించడం గురించి మొన్న పెట్టిన పోస్టులో, భర్తనూ కొడుకులనూ చంపినవాళ్లను గ్లాడిస్ స్టెయిన్స్ (ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ భార్య) క్షమించారని రాశాను. అది చదివి కొందరు ఆమె కేసు వెనక్కి తీసుకున్నారనుకుంటున్నారు. అలా జరగలేదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌నీ, ఫిలిప్, తిమోతి అనే ఇద్దరు పిల్లలనీ తగలబెట్టారు. హత్య కేసు నడిపేది ప్రభుత్వం. ఇంట్లోవాళ్లు క్షమించినంత మాత్రాన అది ఆగదు. ప్రధాన నిందితుడు దారా సింగ్‌కి 2003లో ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

మరి ఆమె క్షమ ఎక్కడ కనిపిస్తుందంటారా? ఒడిశాలోనే వాళ్లు ఉండే బారిపద ఊళ్లో. ఆమె అక్కడే ఉండిపోయి, భర్త చూసుకున్న కుష్ఠురోగుల ఆశ్రమాన్ని 2004 దాకా నడిపారు. పగ పెట్టుకున్నవాళ్లెవరూ అక్కడ అన్నేళ్లు ఉండలేరని నా అభిప్రాయం.

ఇంకోటి. దెబ్బలు తిన్న భార్యతో "క్షమించెయ్యమ్మా, కంప్లైంట్ వెనక్కి తీసుకో" అని రాజీ కుదిర్చే పెద్దలు మన క్రైస్తవ సంఘాల్లోనూ ఉన్నారు. వాళ్లు దయచేసి గ్లాడిస్ పేరు వాడుకోవద్దు.