కన్నకొడుకైనా సంతకం చెల్లదు

హన్మకొండలో ఉండే మా పెద్దబాపు రిటైర్డ్ టీచర్. పక్షవాతం వచ్చాక మాట పోయింది, మనుషుల్ని గుర్తుపట్టడమూ పోయింది. పింఛను ఆయన ఖాతాలో నెలనెలా పడుతూనే ఉంది, మందులకూ డైపర్లకూ మాత్రం మా అన్న అప్పులు చేస్తున్నాడు. ఓ రోజు బ్యాంకు నుంచి ఒకాయన ఇంటికొచ్చి, మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని, "సార్, పైసలు తియ్యమంటారా?" అని మూడుసార్లు అడిగాడు. పెద్దబాపు ఫ్యాను వైపే చూస్తున్నాడు. వదిన అప్పటికే ఆయన బొటనవేలికి ఇంకు పూసి పట్టుకుని ఉంది. వచ్చినాయన ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అందరం ఆయన్ని తిట్టుకున్నాం గానీ ఆయన చేసిందే కరెక్టు. చేతులు పనిచేయకపోతే కాలి వేలిముద్రయినా, సాక్షుల ముందు, తీసుకోవచ్చని బ్యాంకు రూల్సే చెబుతాయి. కాకపోతే వేలిముద్ర వేస్తున్నది ఎందుకో ఆ మనిషికి తెలియాలి.

"జీపీఏ (తన తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇంకొకరికి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకోండి" అని తెలిసినవాళ్లందరూ చెప్పిన సలహా ఇంకా అన్యాయం. స్పృహలో లేని మనిషి జీపీఏ ఎట్లా రాస్తాడు? ముందే రాసి ఉన్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసినాయన మతిస్థిమితం కోల్పోతే అది రద్దయిపోతుంది. అంటే అసలు అవసరం పడ్డ రోజునే పనికిరాదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకైతే 1999 నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. పిల్లలకు 18 దాటగానే తల్లిదండ్రుల గార్డియన్ (చట్టపరమైన సంరక్షకుల) హక్కు పోతుంది, ఈ సంగతి చాలామందికి బ్యాంకులో తగిలేదాకా తెలియదు. అప్పుడు జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే గార్డియన్‌ను నియమిస్తుంది, ఆ గార్డియన్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. కలెక్టరేటు దాకా పోతే అయ్యే పని.

మరి కోమా, ముదిరిన మతిమరుపు? వాటికి ఈ చట్టం వర్తించదు. మానసిక రోగుల ఆస్తి చూసుకునేందుకు జిల్లా కోర్టు మనిషిని పెట్టే వీలు 1987 చట్టంలో ఉండేది, 2017 మానసిక ఆరోగ్య చట్టంతో అదీ పోయింది. కొత్త చట్టంలోని నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిలబడే మనిషి) వైద్యం విషయాలకే, బ్యాంకు పాస్‌బుక్కుకు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పరిమిత గార్డియన్ ఉన్నాడు, కానీ ఆ వైకల్యం ఉన్న మనిషితో కలిసి నిర్ణయం తీసుకోవాలన్నది అక్కడి షరతు (మంచి షరతే, కాస్తయినా చెప్పగలిగేవాళ్లకు). కోమాలో ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం లేదని కేరళ హైకోర్టు 2019లో గార్డియన్‌ను హైకోర్టే నియమించేలా తానే మార్గదర్శకాలు పెట్టింది: మెడికల్ బోర్డు పరీక్ష, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికొచ్చి చూడటం, గార్డియన్ ఆరు నెలలకోసారి రిపోర్టు ఇవ్వడం.

ఇదంతా కలెక్టర్ కమిటీ చేయలేని పనా? ఆటిజం ఉన్న పిల్లాడి తల్లి కలెక్టరేటుకు పోతే అయ్యే పనికి, మంచాన పడ్డ ముసలాయన కొడుకు 140 కిలోమీటర్ల దూరంలోని హైకోర్టుకు, వకీలు ఫీజు పట్టుకుని పోవాలె. చట్టం మార్చి రెండింటినీ జిల్లాలోనే పెట్టాలి, లెక్కల తనిఖీ మాత్రం ఇంకా గట్టిగా ఉండాలి. "మా బాపు పైసలు మా బాపుకే పెడ్తుంటే ఎవరికి లెక్క చెప్పాలె?" అని మా అన్న చిరాకు పడ్డాడు.

మొన్న కోర్టు కాగితాల కోసం అభ్యంతరం లేదని సంతకం పెట్టమని కరీంనగర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పెడ్తా గాని తమ్ముడూ, ఇల్లు అమ్మవు కదా?" అంది.