పదకొండో నంబరు హెచ్చరిక

చిన్న వ్యాపారం చేసుకునేవాడు పత్రికలో ప్రకటన వేయించుకోవడమంత దండగమారి పని ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. చదరపు సెంటీమీటరుకు ఇంతని లెక్కగట్టి డబ్బు పుచ్చుకుంటారు. పుచ్చుకున్నాక కూడా ఆ ముక్క సంతాప ప్రకటనలకూ పెళ్ళి సంబంధాలకూ నడుమ ఇరుక్కుని, ఎవరి కంటా పడకుండా, మర్నాటికి మిరపకాయ బజ్జీల కింద నూనె పీలుస్తుంది. అదే మనిషి అదే పత్రికవారికి ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి, వాటిని అభిప్రాయం అన్నాడనుకోండి, పైసా అడగకుండా ఫొటోతో సహా వేస్తారు, ఫొటో కింద నిపుణులు అని కూడా రాస్తారు. 1974 ఆగస్టు 10న ఈనాడు పుట్టిన ఈ విశాఖపట్నంలో, పొద్దున్నే కాఫీ కన్నా ముందు పేపరు కోసం వీధి గుమ్మంలో నిలబడే జనానికి కూడా ఈ సంగతి ఇంత ఆలస్యంగా తట్టిందంటే విచారించవలసిందే.

నేను ఈ విద్యను మొదట మా బావమరిది మీద ప్రయోగించాను. అక్కయ్యపాలెంలో అతనికి ఇన్వర్టర్లు, బ్యాటరీల దుకాణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటి కరెంటు స్తంభాలను వరసగా పడుకోబెట్టి వెళ్ళినప్పుడు, ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి జనరేటరున్న చోటల్లా బారులు తీరిన జనమే, కరెంటు వచ్చాక అతని దుకాణం ముందు బారులు తీరారు. ఒమన్ దేశం ఒక పిట్ట పేరు పెట్టి పంపిన ఆ తుపాను పుణ్యమా అని అతను రెండేళ్ళు తల దువ్వుకోవడానికి తీరిక లేకుండా అమ్మాడు. ఆ తరవాత ఊళ్ళో చెట్లు మళ్ళీ పెరిగాయి, జనం మరిచిపోయారు, అతను దుకాణంలో కూర్చుని రోజుకు రెండుసార్లు తల దువ్వుకోసాగాడు.

"ఏటి బావా, పేపర్లో చిన్న యాడ్ వేయించమంటావా?" అని సలహా అడగడానికి వచ్చాడు. పత్రికలకు అప్పుడప్పుడూ రాసేవాణ్ణి గనక ఎవరితోనైనా చెప్పి ధర తగ్గిస్తానని ఆశ. యాడ్ వద్దు, విశ్లేషకుడివి కమ్మన్నాను.

ముందుగా పేరు కుదరాలి. బ్యాటరీల వ్యాపారి అంటే ఫ్యూజు పోయినవాళ్ళే ఫోను చేస్తారు. ప్రత్యామ్నాయ విద్యుత్ రంగ పరిశీలకులు అనుకున్నాం గాని, అది టీవీలో మనిషి ఛాతీ కింద వచ్చే పట్టీలో పట్టదు. చివరికి విపత్తు సన్నద్ధత విశ్లేషకులు అని ఖాయం చేసి విజిటింగ్ కార్డులు కొట్టించాం. ఇందులో విశ్లేషకులు అన్న మాట గొప్పతనం పాఠకులు గమనించాలి. 1926లో పుట్టి ఇన్ని పట్టాలిచ్చిన మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా ఈ ఒక్క పట్టా ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వని పట్టాను వెనక్కి తీసుకునే అధికారం ఎవరికీ ఉండదు.

"ఎవరైనా నువ్వేం చదివావని అడిగితే?" అన్నాడు. అడగరన్నాను. ఇప్పటికి మూడేళ్ళయింది, అడగలేదు.

తరవాత వెనక గోడ. దుకాణంలో బ్యాటరీల అట్టపెట్టెలు పేర్చిన మూలను ఖాళీ చేయించి, అక్కడొక అల్మారా పెట్టించాను. మా ఇంట్లోంచి పాత వారపత్రికల బైండ్లు, మా అమ్మాయి ఇంజనీరింగు పుస్తకాలు, అట్ట గంభీరంగా ఉందని ఒక హోమియో వైద్య గ్రంథం తెచ్చి అందులో సర్దాను. కెమెరా ముందు ఎలా కూర్చోవాలో సుద్దముక్కతో నేల మీద గీత గీశాం. ఆ గీత మీద కుర్చీ వేస్తే ఎడమ భుజం పక్కన దుకాణం బోర్డు సగం కనిపిస్తుంది. పేరు సగం చాలు, నిండుగా కనిపిస్తే ప్రచారమంటారు. ఫోన్ నంబరు మాత్రం పది అంకెలూ కనిపించాలి.

ఇక విలేకరుల సంగతి. వారిని నేను ఎగతాళి చేయను, వారి కష్టం నాకు తెలుసు. సాయంత్రం ఆరింటికి డెస్కు నుంచి ఫోను వస్తుంది: అల్పపీడనం మీద ఎవరిదైనా బైట్, అంటే కెమెరా ముందు నాలుగు ముక్కలు, కావాలి, అరగంటలో కావాలి. తెలిసినవాళ్ళు ఊళ్ళో లేక కాదు. తుపాను హెచ్చరికల కేంద్రం ఇక్కడే ఉంది, కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ తిరుగుతూనే ఉంది. కాని అక్కడ పనిచేసేవారికి ఒక జబ్బు ఉంది, కనిపించినంతే చెబుతారు. వాయుగుండం పశ్చిమ వాయవ్య దిశగా కదిలే అవకాశం ఉందంటారు. అవకాశం అన్న మాటను బ్రేకింగు న్యూస్‌లో ఎర్ర అక్షరాలతో వేసి, కింద గంట మోగించడం ఎంత అనుభవమున్న ఎడిటరుకైనా సాధ్యం కాదు. అటువంటి క్లిష్ట సమయంలో మొదటి రింగుకే ఫోను ఎత్తి, ఇరవై సెకన్లలో ముగించి, తెలియదు అన్న మాట నోట రానివ్వని మనిషి దొరికితే అతని నంబరు విలేకరి ఫోనులో శాశ్వతంగా ఉండిపోతుంది. నైపుణ్యం అంటే ఇదే. తక్కినదంతా చదువు.

మొదటి ఫోను అక్టోబరులో ఒక సాయంత్రం వచ్చింది. బంగాళాఖాతంలో అల్పపీడనం, లైవులో ఫోను మీదే మాట్లాడాలి. ఇది తుపానుగా మారుతుందా అని యాంకర్ అడిగింది. మా బావమరిది చెమట తుడుచుకుని నా వంక చూశాడు. నేను అల్మారా వంక చూశాను. అప్పుడతను, "మారినా మారకపోయినా మనం సన్నద్ధంగా ఉండాలి మేడం" అన్నాడు. వాతావరణ శాస్త్రంలో ఇంతకు మించిన వాక్యం నేను వినలేదు, ఏ గాలీ దాన్ని తప్పని రుజువు చేయలేదు. మర్నాడు అల్పపీడనం బలహీనపడి సముద్రంలోనే కలిసిపోయింది. నాలుగు బ్యాటరీలు మాత్రం అమ్ముడయ్యాయి. కొన్నవారిలో ఒక పెద్దాయన, "నిన్న టీవీలో చెప్పారు కదండీ, అందుకే" అని బేరం కూడా ఆడకుండా డబ్బిచ్చి వెళ్ళారు.

అతను కష్టపడలేదని అనడానికి వీల్లేదు. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండమనీ, 62 దాటితే తుపాననీ, 89 దాటితే తీవ్ర తుపాననీ కాగితం మీద రాసుకుని వల్లె వేశాడు. ఒకరోజు స్టూడియోలో చెప్పబోతే, ప్రజలకు అర్థమయ్యేలా చెప్పండి సార్ అన్నారు. ఆ కాగితం ఆ రాత్రే అల్మారాలో హోమియో గ్రంథంలోకి వెళ్ళిపోయింది.

అతని కీర్తికి పతాక సన్నివేశం ఓడరేవు సిగ్నళ్ళ చర్చ. మన రేవులో ఎగరేసే హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటీ రెండూ ఎక్కడో దూరాన ఉన్న గాలికి, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదానికి. పదో నంబరు పేరు వింటే ఈ ఊళ్ళో వయసొచ్చినవాళ్ళు ఇప్పటికీ కిటికీలు తడిమి చూసుకుంటారు. మరి పదకొండో నంబరు ఎగరేస్తే ఏమవుతుందని యాంకర్ గొంతు తగ్గించి అడిగింది. మా బావమరిది కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపి, "అది మాటల్లో చెప్పలేం మేడం" అన్నాడు. వెంటనే వెనక పెనుగాలి బొమ్మ వేసి, దాని మీద 'మాటలకందని ప్రళయం' అని రాశారు. నిజానికి పదకొండో నంబరుకు ప్రళయంతో పని లేదు. హెచ్చరికల కేంద్రంతో రేవుకు సమాచార సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం మాత్రం బాగులేదని స్థానిక అధికారి తలుస్తున్నాడు, దానర్థం అంతే. అంటే మాటలు అందకపోవడమే. ఆ విధంగా మా బావమరిది ఎక్కడా చదవకుండానే సరైన జవాబు చెప్పాడు. పొరపాటున నిజం చెప్పడం ఎంతటి నిపుణుడికైనా ఒక్కోసారి తప్పదు కదా.

మా వీధి చివర, రేవులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన అప్పటికప్పుడు ఛానెల్‌కు ఫోను చేసి అసలు అర్థం చెప్పబోయారట. సార్, మీరు విశ్లేషకులా అని అడిగారట. కాదు బాబూ, ఆ సిగ్నళ్ళు ఎగరేసినవాణ్ణి అన్నారట. అయితే ఇంకోసారి తీసుకుంటామండీ అని పెట్టేశారట. ఆయన ఈ సంగతి చెప్పి నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరివల్ల ఇదంతా జరిగిందో ఆయనకు చెప్పలేదు.

తుపాను లేని రోజుల్లో నిపుణుణ్ణి ఖాళీగా ఉంచితే తుప్పు పడతాడు గనక మెట్రో రైలు మీద, కేంద్ర బడ్జెట్ మీద, పీఎం పాలెం స్టేడియంలో మ్యాచికి వాన అడ్డుపడుతుందా అన్నదాని మీద కూడా అతణ్ణి అడిగారు, అన్నిటికీ చెప్పాడు. మే నెలలో ఒకరోజు ఫిషింగ్ హార్బర్ వెలవెలబోవడానికి కారణమేమిటని అడిగితే, భూతాపం వల్ల చేపలు లోతుకు వెళ్ళిపోయాయని మూడు నిమిషాలు గంభీరంగా విశ్లేషించాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరపడవలు వేటకు వెళ్ళకూడదన్న నిషేధం ఉంటుంది. ఆ మాట హార్బర్‌లో వలలు కుట్టుకుంటున్న ఎవరినడిగినా చెప్పేవారు. వారికి అల్మారా లేదు.

ఇంతమంది ఇన్ని అడిగారు గాని, అతనికి నిజంగా తెలిసిన ఒక్క విషయం మాత్రం ఎవరూ అడగలేదు. ఇది వ్యంగ్యం కాదు, అతనికి బ్యాటరీ గురించి నిజంగా తెలుసు. ముట్టుకుని, వేడి చూసి, మూత దగ్గర చెవి పెట్టి లోపలి బుడగల చప్పుడు విని జబ్బు చెప్పగలడు. ఒకసారి, ఒకే ఒక్కసారి, ప్యానెల్లో కూర్చుని ఉండగా అతనిలోని వ్యాపారి నిద్ర లేచాడు. "నూట యాభై ఏహెచ్ బ్యాటరీ అంటే పన్నెండు వోల్టులతో గుణిస్తే పద్దెనిమిది వందల వాట్ అవర్లండీ. ఫ్రిజ్జు దాని మీద పెట్టకుండా రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు వేసుకుంటే ఆరేడు గంటలు వస్తుంది. తుపాను రాకముందే డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, కుళాయి నీళ్ళు పోయకూడదు. మన సముద్రపు గాలికి టెర్మినళ్ళ మీద చిలుము పడుతుంది, వేడినీళ్ళతో కడిగి, తుడిచి, కాస్త వ్యాసిలిన్..." అంటుండగా యాంకర్ ఇప్పుడొక చిన్న విరామం అంది. మూడేళ్ళలో అతను జనానికి పనికొచ్చే మాట చెప్పింది ఆ పదిహేను సెకన్లే. విరామంలో వచ్చిన మొదటి ప్రకటన ఇన్వర్టర్లదే. అది డబ్బు కట్టి వేయించుకున్న పెద్ద కంపెనీది.

శాలువాలు, జ్ఞాపికలు, ప్రారంభోత్సవాల సంగతి రాయను, అవి అందరికీ తెలిసినవే. దుకాణంలో అతను కూర్చోవడం మాత్రం మానేశాడు. కంచరపాలెం కుర్రాడొకడు కౌంటరు చూసుకుంటున్నాడు.

మొన్న వాన రాత్రి ఎంవీపీ కాలనీలో మా ఇంట కరెంటు పోయింది. ఇన్వర్టర్ పావుగంట వెలిగి, కీచుమని అరిచి ఊరుకుంది. సెల్ ఫోను వెలుతురులో చూద్దును గదా, బ్యాటరీ మూతల్లో సూచికలన్నీ అడుగుకు దిగి ఎర్రగా ఉన్నాయి, టెర్మినళ్ళ మీద పచ్చటి చిలుము వేలి మందాన పేరుకుంది. నీళ్ళు పోయడానికి ఏడాదిగా అతనికి తీరిక లేదు, అడగడానికి నాకు మొహమాటం. ఫోను చేస్తే బిజీ. ఎదురింటి వారికి జనరేటరు ఉంది, వారి టీవీ మా గదిలోంచి కనిపిస్తుంది, అందులో మా బావమరిది కనిపించాడు. మాట వినపడలేదు. చేతులు తిప్పే తీరును బట్టి ప్రజలు అప్రమత్తంగా ఉండాలంటున్నాడని పోల్చుకున్నాను.

దుకాణానికి ఫోను చేస్తే కుర్రాడు వెంటనే బయలుదేరాడు. రెయిన్‌కోటు కారుకుంటూ డిస్టిల్డ్ వాటర్ డబ్బాతో వచ్చి, సెల్ ఫోను పళ్ళతో పట్టుకుని ఆ వెలుతురులో ఆరు మూతలూ తీశాడు. "ఎండిపోయింది సార్, ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నారు?" అని అదే నోటితో చీవాట్లు కూడా పెట్టాడు. బ్యాటరీలో ఒక అరలో పోశాడు. రెండో దాంట్లో పోశాడు. మూడో దాంట్లో సూచిక పైకి తేలుతుండగా నోట్లోని ఫోను మోగింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"చెప్పండి మేడం... అవునండీ, క్షేత్రస్థాయిలోనే ఉన్నాను" అన్నాడు. డబ్బా నా చేతికిచ్చి, "ఒక్క నిముషం సార్, లైవు" అని సైగ చేసి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. మూడు మూతలు నిండాయి. మిగతా మూడూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎంతవరకు పోయాలో తెలియక, నేను చీకట్లో డబ్బా పట్టుకుని నిలబడ్డాను.