నెలకు మూడు వందలతో నాట్యమా?

పదేళ్ల పిల్ల కూచిపూడి నేర్చుకుంటోంది. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద నడిచే సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది. ఇంట్లో సంబరమే. చేతికొచ్చేదెంతా అని చూస్తే ఏడాదికి 3,600 రూపాయలు, అంటే నెలకు 300. గురువుకు కట్టిన ఫీజుకు రసీదు పెడితే ఏడాదికి 9,000 మించకుండా తిరిగిస్తారు. ముందు తండ్రి జేబులోంచి కట్టాలి, ఆ తర్వాత ఎదురుచూడాలి. 1982లో మొదలైన మంచి పథకమే ఇది. కాకపోతే గజ్జెల జత ధర పెరిగినట్టు ఇందులో అంకెలు పెరగలేదు.

నాట్యానికి ఖర్చేముంటుంది అనేవాళ్లు ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి చూడాలి. పిల్ల ఏటా ఎదుగుతుంది కాబట్టి డ్రెస్ కుట్లు విప్పి మళ్లీ కుట్టించాలి. నగల సెట్టు, జడ, మేకప్ సామాను కావాలి. స్టేజీ ఎక్కితే తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించే నట్టువాంగానికి, పాటకు, మృదంగానికి, వయొలిన్‌కు విడివిడిగా ఇచ్చుకోవాలి. కాళ్ల కింద పెట్టుకుని తరంగం ఆడే ఇత్తడి పళ్లెం ఒక్కటే ఒకసారి కొంటే సరిపోయేది!

నాటకం సంగతి ఇంకో తీరు. తరతరాలుగా నాటకాలాడే సురభి కుటుంబాల్లో పిల్లలు మాటలు వచ్చీరాకముందే రంగం మీద ఉంటారు. చిందు యక్షగానంలోనూ, తోలుబొమ్మలాటలోనూ విద్య ఇంట్లోనే అబ్బుతుంది. తాతే గురువైన చోట ఫీజు రసీదు ఎవరు రాయాలి?

పద్దెనిమిది దాటాక యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. అన్ని కళలకూ కలిపి దేశమంతటికీ 400. నెలకు 5,000 చొప్పున రెండేళ్లు, అదీ ఆరు నెలలకోసారి వాయిదాల్లో. ఇంటి ఓనరు మాత్రం ఆరు నెలలు ఆగడు. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల తన విద్యార్థులకు స్టైపెండ్ ఇస్తుంది. రేపటి టిఫిన్ టెన్షన్ లేకుండా పాత్ర గురించి ఆలోచించే వీలు వాళ్లకు అలా దొరికింది. ఆ వీలు మిగతావాళ్లకు ఎందుకు ఉండకూడదు?

అందరూ కళతోనే బతకలేరు, ప్రజల సొమ్ము దేనికి అని కొందరంటారు. ప్రభుత్వ వేడుక ఏదైనా స్వాగత నృత్యం లేకుండా మొదలవుతుందా? మంత్రిగారు లేటైతే మేకప్ చెమటకు కారిపోతున్నా గంటల తరబడి నిలబడేది ఆ పిల్లలే. చివరికి చేతిలో పెట్టేది మెమెంటో. విజయనగరంలో 1919లో వెలిసిన సంగీత కళాశాల, చూపులేని చాగంటి గంగరాజు అనే కుర్రాడు చదువుకోవడం కోసం మహారాజు పెట్టించిందని చెబుతారు. రాజులు పోయారు సరే, ఆ పాటి పట్టింపు కూడా పోవాలా?

మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. స్కాలర్‌షిప్ మొత్తాన్ని ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచాలి. గురువు ఫీజు నేరుగా గురువు ఖాతాకే వెళ్లాలి. భృతి నెలనెలా పడాలి. కళాకారుల ఇళ్ల పిల్లలను రసీదు అడగకుండా ఏడాదికోసారి ఆడించి, పాడించి చూస్తే చాలు. కేంద్రం ఇచ్చేదానికి రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వంతు కలపాలి. ఆ డబ్బు జూన్‌లోనే రావాలి, డ్యాన్స్ మాస్టారి ఫీజూ స్కూలు ఫీజూ ఒకేసారి మీద పడేది అప్పుడే.