కాకా పట్టాల్సిన ఇల్లు

నెదర్లాండ్స్‌లో ఒక శనివారం పొద్దున్న. ఇంకా టిఫిన్లు కూడా అవలేదు. మా ఆవిడ ఎవరితోనో డచ్చిలో ఫోన్ మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్ళింది. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేస్తున్నట్టు నటిస్తున్నాను. అల్లుడు వింటున్నాడని తెలిస్తే మా అత్తగారూ మామగారూ చాలా మర్యాదగా మాట్లాడుకుంటారు, అది చూడడం నావల్ల కాదు.

మామగారు: విన్నావా, మళ్ళీ అన్నాడు!

అత్తగారు: ఎవరు? ఏమన్నాడు?

మామగారు: ఫోన్లో ఆ బ్రోకరు. ఇంటి రేటు చెప్పి చివర్న 'కాకా' అన్నాడు. మొన్న చూసిన ఇంటికీ అంతే, కాకా. అమ్మాయి రోజూ చూసుకునే ఆ ఫుండా సైట్లో కూడా రేటు పక్కన రెండు కేలు రాసి ఉంటాయి, నేను కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. కే ని వీళ్ళు 'కా' అంటారు. రెండు కేలు, కాకా.

అత్తగారు: అయితే?

మామగారు: అయితే ఏమిటే! రేటు ఇంత, ఆ పైన ఇల్లుగలవాళ్ళని కాకా పట్టాలి అని అర్థం.

అత్తగారు: నన్ను కాకా పట్టండి అని రేటు పక్కన రాసుకుంటారా ఎవరైనా?

మామగారు: నిజాయితీగల దేశం. మన దగ్గర అందరికీ తెలిసి ఎవరూ బయటికి అనని మాటని వీళ్ళు అచ్చేసి పెడతారు.

అత్తగారు: తెలుగులోనా?

ఇక్కడ మామగారు కాఫీ రెండు గుక్కలు తాగారు. కాఫీ అయిపోయి చాలాసేపయింది, ఉత్త గ్లాసే తాగారు.

మామగారు: డచ్చివాళ్ళు మచిలీపట్నంలో 1605లోనే దిగారు. భీమిలిలో ఇప్పటికీ వాళ్ళ సమాధులున్నాయి. మనవాళ్ళ దగ్గరే నేర్చుకుని ఉంటారు.

అత్తగారు: మన అద్దకం గుడ్డలు ఓడల్లో వేసుకుపోయారని తెలుసు. కాకా కూడా మూటగట్టుకుపోయారన్నమాట. పోనీ అమ్మాయినడగండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మామగారు: అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 32 ఏళ్ళు చేసినవాణ్ణి. తెనాలిలో సగం ఇళ్ళు నా చేతుల మీదుగా చేతులు మారాయి.

అత్తగారు: ఆ పూతరేకుల పెట్టె సంచిలో ఎందుకు పెడుతున్నారు?

మామగారు: కాకాకి.

ఇల్లు ఓవర్‌వేన్‌లో. బ్లూమెన్‌డాల్ మునిసిపాలిటీ కిందకి వస్తుంది. రైలెక్కితే ఇటు ఒక్క స్టేషన్ దూరంలో హార్లెమ్, అటు ఒక్క స్టేషన్ దూరంలో జాండ్‌వోర్ట్ సముద్రం, ఆమ్‌స్టర్‌డామ్‌కి అరగంట కూడా పట్టదు. అందుకే ఈ దేశంలో ఇళ్ళు బాగా ఖరీదైన మునిసిపాలిటీల జాబితాలో ఎప్పుడూ పైనే ఉంటుంది. అలాంటి చోట మాకేం పని అంటే, మా ఆవిడకి సముద్రం కావాలి, నాకు రైలు కావాలి. బ్యాంకుకి ఏం కావాలో అప్పటికింకా అడగలేదు.

స్టేషన్ నుంచి నడుస్తున్నాం. వాళ్ళిద్దరూ మా వెనకాల.

అత్తగారు: ఎనిమిది లక్షల డెబ్భై అయిదు వేల యూరోలు. యూరోకి వంద రూపాయలే అనుకున్నా ఎనిమిది కోట్ల డెబ్భై అయిదు లక్షలు. అంతా పోసి కొంటే కుడిగోడ కుడిపక్కవాళ్ళది కూడా, ఎడంగోడ ఎడంపక్కవాళ్ళది కూడానట. మరి మనకంటూ మిగిలేది ఏది, గుమ్మమా?

మామగారు: లోపలికెళ్ళాక ఇలా మాట్లాడకు. ప్రతిదీ మెచ్చుకోవాలి. కాకా అని రాసి ఉంది.

అత్తగారు: మెచ్చుకుంటే రేటు పెంచుతారండీ! వంకాయలు కొనేటప్పుడు పుచ్చులు వెతుకుతాం గానీ, అబ్బ ఎంత నిగనిగలాడుతున్నాయో అని గంపముందు పాట పాడతామా?

మామగారు: ఇది వంకాయ కాదు.

అత్తగారు: నేనూ అదే అంటున్నాను. వంకాయకే అంత చూస్తాం.

ఇక్కడ బ్రోకరుని మాకెలార్ అంటారు. అత్తగారు మొదటిరోజు నుంచీ మేకలాయన అంటున్నారు. మా ఆవిడ సరిదిద్ది సరిదిద్ది మానేసింది. ఈ మేకలాయన గుమ్మంలోనే చేతిగడియారం చూసుకుని మాకు ఇరవై నిమిషాలు ఇచ్చాడు, మా వెనక ఇంకో జంట సైకిళ్ళ మీద వచ్చి అప్పుడే నిలబడి ఉంది. మామూలుగా చూపించేటప్పుడు ఇంటివాళ్ళు ఉండరు. ఆ రోజు ఉన్నారు. డెబ్భై అయిదు దాటిన పెద్దావిడ, వంటింట్లో కాఫీ పెడుతోంది. ఆవిణ్ణి చూడగానే మామగారి మొహం నూరు కాండిళ్ళ బల్బులా వెలిగిపోయింది.

మామగారు: వెరీ నైస్ వాల్, మేడం.

అత్తగారు: (మెల్లగా) చెమ్మ ఉంది ఆ గోడకి.

మామగారు: వెరీ నైస్... కూల్ వాల్, మేడం.

పెద్దావిడకి మాటల మీద ఇష్టం. వెనకాల ఇసుకదిబ్బలు, నడిచి సముద్రానికి పోవచ్చు, అక్కడ కంచె లోపల 2007 నుంచి యూరప్ అడవి దున్నలు తిరుగుతున్నాయి, జింకలు మాత్రం కంచె లేకుండానే వచ్చి తోటలో గులాబీలు తిని పోతాయి, అని వరసగా చెప్పుకుపోతోంది. మా ఆవిడ అనువాదం చేస్తోంది.

మామగారు: వెరీ గుడ్ బఫెలోస్, మేడం.

అత్తగారు: మీరు చూశారా వాటిని?

మామగారు: చూడక్కర్లేదు. వెరీ డీసెంట్ డీర్.

అత్తగారు: గులాబీలు తినేసే జింక డీసెంటా? మన పెరట్లో మేక ఒక్క కరివేపాకు రెమ్మ తిన్నందుకు వీధి చివరిదాకా తరిమారు.

గాలి ఇటు తిరిగిన రోజున జాండ్‌వోర్ట్ రేసు ట్రాకులో కార్ల మోత ఇక్కడికి వినబడుతుందట. ఇది లోపం కదా, పెద్దావిడ కొంచెం ఇబ్బందిగానే చెప్పింది. మామగారు కళ్ళు మూసుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, లేని మోతని విని తల ఊపారు.

మామగారు: వెరీ మెలోడియస్.

అత్తగారు: నేను మిక్సీ వేస్తే వీధిలోకి వెళ్ళి నిలబడే మనిషి!

తర్వాత మామగారు కనబడలేదు. ఇరవై నిమిషాల్లో ఏడు నిమిషాలు కనబడలేదు. అత్తగారు బాత్రూం తలుపు ముందు నిలబడ్డారు.

అత్తగారు: ఏమండీ, బాగానే ఉన్నారా?

మామగారు: (లోపల్నుంచి) ఉష్! ఇక్కడ గోడకి క్యాలెండర్ ఉందే. ఇంట్లోవాళ్ళందరి పుట్టినరోజులూ రాసుకున్నారు. ఇంతకంటే కాకాకి ఏం కావాలి?

అత్తగారు: పుట్టినరోజులు దొడ్లో రాసుకుంటారా?

మామగారు: ఇక్కడందరూ అంతే, అల్లుడు చెప్పాడు. రోజూ చూస్తాం కదా, మరిచిపోం. ఇదిగో, ఇవాళ్టి తేదీకి ఎదురుగా ఒక పేరుంది!

అత్తగారు: ఆవిడదే అని ఎలా తెలుసు? ఎవరి పుట్టినరోజు వాళ్ళు రాసుకుంటారా ఎక్కడైనా? మీది మీకు గుర్తుండదా?

తలుపు తెరుచుకుంది. ఇంక ఆపడానికి వ్యవధి లేదు. మామగారు తిన్నగా పెద్దావిడ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని 'హ్యాపీ బర్త్‌డే మేడం' అనేశారు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను కిటికీలోంచి సైకిళ్ళ జంటని చూస్తూ నిలబడ్డాను.

పెద్దావిడ గలగలా నవ్వి మామగారి చెయ్యి ఊపేసి థాంక్స్ చెప్పింది. ఆ రోజు ఆవిడ మనవడి పుట్టినరోజట. ఇక్కడ పుట్టినరోజు ఒకరిదైతే అమ్మకీ అమ్మమ్మకీ పెదనాన్నకీ కూడా శుభాకాంక్షలు చెబుతారు, అది వీళ్ళ పద్ధతి. అంటే మా మామగారు తప్పు చేయబోయి నూటికి నూరుపాళ్ళూ డచ్చి మర్యాద చేశారు. ఆయన అత్తగారి వైపు చూసిన చూపు నేను వర్ణించను.

అత్తగారు: కాకి వాలిందట, తాటిపండు పడిందట. సరే, పదండి మేడమీదికి.

మెట్ల గురించి చెప్పాలి. వీళ్ళ పాత ఇళ్ళల్లో మెట్లు మెట్లు కావు, గోడకి చేర్చిన నిచ్చెన. పాదం పట్టేంత వెడల్పు కూడా ఉండదు. ఎక్కడం ఎలాగో ఎక్కేశారు.

మామగారు: దిగడం ఎలాగే?

అత్తగారు: వెరీ నైస్ స్టెప్స్ అనండి, అవే దింపుతాయి. ఆగండి, ముందు నేను దిగుతాను. మీరు నా భుజం పట్టుకోండి. పడితే నామీద పడండి, మెత్తగా ఉంటుంది.

మామగారు: నేను పట్టుకునేది నువ్వు పడకుండా.

అత్తగారు: సరే, అలాగే అనుకుని గట్టిగా పట్టుకోండి.

కింద కాఫీ. పెద్దావిడ బిస్కెట్ల డబ్బా తీసి, మనిషికి ఒక్కటి ఇచ్చి, మూత పెట్టేసింది. అత్తగారు ఆ మూత వైపు చాలాసేపు చూశారు. మామగారు ఇదే సమయమని పూతరేకుల పెట్టె తెరిచారు. పెద్దావిడ ఒకటి తీసుకుంది, అటూ ఇటూ తిప్పింది, తర్వాత ఎంతో ఓపిగ్గా పొర తర్వాత పొర విప్పి, ఆ పొరలన్నీ ప్లేటులో ఓ పక్కన పెట్టి, లోపలున్న పంచదార, నెయ్యి, జీడిపప్పు చెంచాతో తిని, చాలా బాగుందంది. కాగితం కూడా చాలా అందంగా ఉందంది.

మామగారు నోరు తెరిచారు, మూశారు.

మామగారు: వెరీ... నైస్ ఈటింగ్, మేడం.

తిరుగు ప్రయాణంలో స్టేషన్ బెంచీ మీద ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు. మధ్యలో సంచి.

మామగారు: మనకే ఇస్తుంది చూడు. ఆ వెనక జంట బర్త్‌డే చెబుతారా? పూతరేకులు ఇస్తారా?

అత్తగారు: మేకలాయన ఏం చెప్పాడో విన్నారా? మంగళవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఎవరెంతకి కొంటారో రాసి పంపాలి. ఒకరిది ఒకరికి తెలియదు. అందరూ అడిగినదానికంటే ఎక్కువే రాస్తారట. మీ కాకాకి అక్కడ గడి లేదు.

మామగారు: సీల్డు టెండరా? ముందే చెప్పరే!

అత్తగారు: అయినా అడిగినదానికంటే ఎక్కువిస్తే దాన్ని బేరమంటారా? మా నాన్న వింటే మళ్ళీ పోయేవాడు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ లెక్కలేసుకుంటూ 'కాకా కలిపితే ఎంతవుతుందో' అంది. అంతే, మామగారు అందుకున్నారు. పట్టాల్సిన కాకా అంతా నేను పట్టేశానమ్మా, ఇంక కలపక్కర్లేదు అన్నారు. మా ఆవిడకి అర్థంకాక వాళ్ళమ్మ వైపు చూసింది. అత్తగారు పప్పులో నెయ్యి వేసుకుంటూ, పొద్దుటి నుంచీ జరిగిందంతా రెండే వాక్యాల్లో చెప్పారు. అంత క్లుప్తంగా నేను ఇక్కడ రాయలేకపోయాను.

మా ఆవిడ: నాన్నా, కేకే అంటే కోస్టెన్ కోపర్. కొనేవాళ్ళ ఖర్చు. రాసిన రేటుకి పైన బదిలీ పన్ను రెండు శాతం, అదే పదిహేడు వేల అయిదొందలు, నోటరీ ఫీజు, విలువ కట్టేవాళ్ళ ఫీజు, అన్నీ మనమే పెట్టుకోవాలి. బ్యాంకు ఇంటి విలువ మటుకే అప్పిస్తుంది, ఇవి చేతి డబ్బే. ముప్ఫై అయిదేళ్ళు నిండనివాళ్ళకి మినహాయింపు ఉందిలే గానీ, మా వయసుకీ లేదు, ఆ రేటుకీ లేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అత్తగారు: అంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు.

మా ఆవిడ: ఆఁ, అదే.

అత్తగారు: మన దగ్గర ఏడున్నర శాతం కడతారు, అదే.

మా ఆవిడ: అదేనమ్మా.

అత్తగారు: ముప్ఫై రెండేళ్ళు.

మామగారు: ఇంక చాల్లే.

అత్తగారు: ముప్ఫై రెండేళ్ళు వాటి మధ్యనే కూర్చుని, అవి సముద్రాలు దాటి ఎదురొస్తే ఎవరో అనుకుని పూతరేకులు పెట్టారు!

నేను అత్తగారి పార్టీ అని ఎప్పుడూ దాచుకోలేదు గానీ, ఆ క్షణంలో మామగారి మొహం చూసి కొంచెం జాలేసింది. పెరుగన్నం తినకుండానే లేచిపోయారు. గిన్నెలు సర్దుతుంటే గదిలోంచి మాటలు వినబడ్డాయి.

మామగారు: ఆ డిపాజిట్ వచ్చే నెల మెచ్యూరవుతుంది.

అత్తగారు: అది మీ మోకాళ్ళ ఆపరేషన్‌కి.

మామగారు: ఇవాళ ఆ మెట్లెక్కాక మోకాళ్ళు బాగానే ఉన్నాయనిపించింది. అమ్మాయి కాకా ఖర్చుకి ఇద్దాం.

అత్తగారు: ఇల్లు వాళ్ళకి వస్తుందో రాదో ఇంకా తెలియదు.

మామగారు: ఇది కాకపోతే ఇంకోటి. ప్రతిదాని పక్కనా కాకా ఉందిగా.

అత్తగారు: సగం ఇద్దాం. మిగతా సగంతో ఒక మోకాలు చేయించుకోండి. ప్రస్తుతానికి ఒకటి చాలు, నా భుజం ఎలాగూ ఉంది.

మామగారు: ఇవాళ ఆ గళ్ళ చీరలో నువ్వు...

అత్తగారు: పెట్టెలో ఒక్కటే మిగిలింది. మీకు సుగరు.

మామగారు: నేను పూతరేకు అడిగానా?

అత్తగారు: పొద్దుటి నుంచీ కాకా చూస్తూనే ఉన్నాను, ఏది దేనికో తెలియదా? ఇటు పట్టండి చెయ్యి. లోపలిది నేను తింటాను. ఆవిడ వదిలేసిందే, ఆ కాగితం, అది మీకు.